తూకానికి వేసే ముందు ఒక్కసారి హ్యాండిల్ దించి చూడండి

పాత ఇనుము కొనే వ్యాపారి టెంపో మా షెడ్డు ముందు ఆగింది. మూలనున్న పిల్లర్ డ్రిల్లింగ్ మెషిన్‌ను అతను చేత్తో తట్టి చూసి, కిలో లెక్కన తీసుకుంటానన్నాడు. ఇంట్లో అందరికీ అదే సబబనిపించింది. తాత పోయి పదేళ్ళు దాటింది. షెడ్డు ఖాళీ చేస్తే అద్దె వస్తుంది. పైగా ఆ మెషిన్ అంటే ఇంట్లో ఆడవాళ్ళకు మొదటినుంచీ గిట్టదు. మా చిన్నాన్న ఎడమచేతి చూపుడువేలి కొస పోయింది దాని మీదే.

బేరం ఆపింది కూడా చిన్నాన్నే. "అమ్మేదుంటే అమ్ముకోండ్రా. ముందు ఒకసారి హ్యాండిల్ దించి చూడండి," అన్నారు. దించాం. మీద పిడికెడు దుమ్ము, టేబుల్ నిండా తుప్పు ఉన్నా లోపలి స్పిండిల్ మాత్రం వెన్నలో కత్తి దిగినట్టు దిగింది, వదలగానే మెల్లగా పైకి వెళ్ళింది. ఆ రోజు టెంపో ఖాళీగానే పోయింది.

తర్వాత ఆదివారాలన్నీ కూడబెట్టుకుని దాన్ని బాగుచేశాం. మాలాంటి షెడ్లు, అందులో ఇలాంటి మెషిన్లు మన ఇళ్ళలో ఇంకా చాలానే ఉన్నాయి. అమ్మాలా, ఉంచాలా అన్నది తూకం చూసి కాక, మెషిన్ చూసి తేల్చుకోవాలన్నదే మేము చెప్పదలచుకున్న మాట.

మన ఇళ్ళకు ఇది ఎలా వచ్చింది

కోయంబత్తూరులో పీలమేడు, గణపతి, ఆవారంపాళయం వైపు స్థిరపడిన తెలుగు కుటుంబాల్లో చాలామందికి పంపులు, మోటార్లు, ఫౌండ్రీలు, మిల్లుల విడిభాగాలు జీవనాధారం. 1937లో జి.డి. నాయుడు, డి. బాలసుందరం నాయుడు పీలమేడులో విద్యుత్ మోటారు తయారు చేసిన ఊరు ఇది. 1951లో పీఎస్‌జీ ఇంజనీరింగ్ కాలేజీ వచ్చింది. పెద్ద కంపెనీల చుట్టూ వాటికి పని చేసిపెట్టే చిన్న షెడ్లు పుట్టుకొచ్చాయి. ఒక లేత్, ఒక గ్రైండర్, ఒక డ్రిల్లింగ్ మెషిన్ ఉంటే షెడ్డు నిలబడేది. షోలాపూర్, భివండిలలో మన పద్మశాలి కుటుంబాల మరమగ్గాల పక్కన, బెంగళూరు పీణ్యలో జాబ్ వర్క్ చేసే చోట్ల కూడా ఇదే కథ.

ఇలాంటి మెషిన్లలో చాలావరకు పంజాబ్‌లోని బటాలా, లూధియానాల నుంచి, గుజరాత్‌లోని రాజ్‌కోట్ నుంచి వచ్చినవే. తల భాగం మీద పోతలోనే అక్షరాలు పోసి ఉంటాయి. రంగు కింద దాగి ఉంటే వేలితో తడిమినా తెలుస్తాయి. ముందుగా ఆ పేరు రాసుకోండి, నాలుగు వైపుల నుంచి ఫోటోలు తీసుకోండి. తర్వాత ఏ భాగం ఎటు ఉండేదో గుర్తుకు రానప్పుడు ఆ ఫోటోలే దిక్కు.

దేనికి విలువ, దేనికి కాదు

పిల్లర్ డ్రిల్‌లో భాగాలు చాలా కొద్ది. కింద పోత ఇనుము పీఠం. దాని మీద నిలువు స్తంభం. స్తంభం మీద పైకీ కిందికీ జరిగే టేబుల్. పైన తల. తలలో క్విల్ అనే గొట్టం, అందులో తిరిగే స్పిండిల్. హ్యాండిల్ తిప్పితే పళ్ళచక్రం క్విల్ మీది పళ్ళను పట్టి కిందికి దించుతుంది. వదిలితే చుట్టల స్ప్రింగు పైకి లాగుతుంది. వెనక మోటారు, పైన మెట్లమెట్లుగా ఉండే రెండు పుల్లీలు, వాటి మధ్య బెల్టు.

వీటిలో అరిగేవి, పాడయ్యేవి దాదాపు అన్నీ బజారులో దొరికేవే. బేరింగులు, బెల్టు, చక్, స్విచ్, మోటారు వైండింగు ఏ ఊళ్ళో అయినా దొరుకుతాయి. దొరకనివి మూడే: పోత ఇనుము తల, నిటారు స్తంభం, కొలతకు నూరిన క్విల్. ఈ మూడూ బాగుంటే మెషిన్ బాగున్నట్టే. ఈ మూడింట్లో ఒకటి పోతే ఎంత రంగు వేసినా అది బొమ్మే. తుప్పు చూసి భయపడి బంగారంలాంటి మెషిన్‌ను అమ్మేసేవాళ్ళూ ఉన్నారు, కొత్త రంగు చూసి మురిసి పగిలిన మెషిన్‌ను కొనేవాళ్ళూ ఉన్నారు.

నిర్ణయానికి ముందు నాలుగు పరీక్షలు

మొదటిది తల. కిరసనాయిలు గుడ్డతో తుడిచి, స్తంభాన్ని పట్టుకునే చోట, బోల్టులు బిగించే చెవుల దగ్గర పగుళ్ళు వెతకండి. చిన్న సుత్తితో మెల్లగా తట్టండి. గట్టి పోత ఖంగుమంటుంది, పగిలింది బొంగురుగా పలుకుతుంది. కుండ కొనేటప్పుడు పెద్దవాళ్ళు చేసే పరీక్షే ఇది.

రెండోది క్విల్. పూర్తిగా కిందికి దించి, చక్‌ను పట్టుకుని ముందుకూ వెనక్కూ, పక్కలకూ ఊపండి. టకటకమని ఆడితే బేరింగులైనా పోయి ఉండాలి, తలలోని రంధ్రమైనా అరిగి ఉండాలి. ఆట స్పిండిల్‌కూ క్విల్‌కూ మధ్య ఉంటే బేరింగులే, భయం లేదు. క్విల్ మొత్తం తలలో కదులుతుంటే ఆలోచించాలి. కొన్ని మెషిన్లలో తల ముందు భాగం చీల్చి బిగింపు బోల్టు ఇస్తారు. దాన్ని కాస్త బిగిస్తే సరిపోవచ్చు.

మూడోది స్పిండిల్. చక్ తీసేసి, లోపలి కోన్‌ను శుభ్రంగా తుడిచి, డయల్ గేజి మొనను లోపలి గోడకు ఆనించి చేత్తో మెల్లగా తిప్పండి. గేజి లేకపోతే పక్క షెడ్డులో అడిగితే ఇస్తారు. ముల్లు రెండు మూడు గీతలకు మించి కదలకపోతే, అంటే 0.02 నుంచి 0.03 మిల్లీమీటర్ల లోపు ఉంటే, స్పిండిల్ నిటారుగా ఉన్నట్టే. చక్ వంకరగా తిరుగుతోందని స్పిండిల్‌ను అనుమానించకండి. చాలాసార్లు తప్పు చక్‌దే.

నాలుగోది స్తంభం. టేబుల్‌ను పైనుంచి కింది దాకా జరపండి. ఒకచోట బిగుసుకుని, ఒకచోట వదులైతే స్తంభానికి సొట్ట పడి ఉండవచ్చు. తుప్పు వల్ల బిగుసుకుంటే మాత్రం నూనె పోసి రెండు రోజులు ఆగితే వదులుతుంది.

విప్పేటప్పుడు

ముందు ప్లగ్గు తీయండి, మూడు ఫేజుల లైనైతే మెయిన్ ఆపి ఫ్యూజులు జేబులో వేసుకోండి. సింగిల్ ఫేజ్ మోటారుకు కెపాసిటర్ ఉంటే కరెంటు తీసేసిన తర్వాత కూడా అది షాకు కొడుతుంది. దాన్ని ఎలక్ట్రీషియన్ చేత ఖాళీ చేయించాకే మోటారు దించాలి.

ఈ మెషిన్ బరువంతా తలలోనే ఉంటుంది. స్తంభం బోల్టు వదులు చేయగానే తల సర్రున కిందికి జారుతుంది. అందుకే టేబుల్‌ను పైకి తెచ్చి, మధ్యలో కర్ర దుంగ పెట్టి, ఆ తర్వాతే బోల్టు ముట్టుకోవాలి. వీలైతే చైన్ పుల్లీ వేలాడదీయాలి. ఇద్దరు మనుషులు లేకుండా ఈ పనికి దిగవద్దు.

హ్యాండిల్‌కు ఎదురువైపు గుండ్రటి డబ్బీలో ఉన్న స్ప్రింగు ఇంకో ప్రమాదం. గడియారం స్ప్రింగులా చుట్టి ఉంటుంది. మూత తీయగానే విచ్చుకుని చేతిని కోస్తుంది. క్విల్ పైన ఉండగా, మూతను గట్టిగా పట్టుకుని, ఒక్కో చుట్టూ మెల్లగా వదలాలి. ఎన్ని చుట్లు వదిలామో లెక్కపెట్టుకోవాలి. తిరిగి బిగించేటప్పుడు అన్నే చుట్లు.

చక్ తీయడానికి క్విల్‌ను దించితే పక్కన సన్నని సందు కనిపిస్తుంది. అందులో డ్రిఫ్ట్ అనే చీలను పెట్టి మెల్లగా కొడితే కోన్ వదులుతుంది. కింద టేబుల్ మీద మెత్తని పలక పెట్టుకోండి. చక్ పడి పోత టేబుల్ పగిలిన సందర్భాలు ఉన్నాయి.

తుప్పు

పైపై తుప్పుకు కిరసనాయిలు, ఎమెరీ కాగితం చాలు. స్తంభాన్ని ఎప్పుడూ అడ్డంగా చుట్టూ రుద్దాలి, ఒకేచోట నిలువుగా రుద్దితే అక్కడ పల్లం పడుతుంది. క్విల్‌ను మాత్రం ఎమెరీతో ముట్టుకోకండి. అది కొలతకు నూరిన భాగం. కిరసనాయిలులో ముంచిన గుడ్డతో తుడిస్తే చాలు.

హ్యాండిళ్ళు, బ్రాకెట్ల లాంటి చిన్న ఇనుప ముక్కలకు లోతుగా పట్టిన తుప్పును మేము వాషింగ్ సోడాతో వదిలించాం. ప్లాస్టిక్ తొట్టిలో 10 లీటర్ల నీటికి 100 గ్రాముల లోపు సోడా కలపాలి. 12 వోల్టుల బ్యాటరీ చార్జర్ నెగటివ్ తీగను తుప్పు ముక్కకు, పాజిటివ్ తీగను పనికిరాని ఇనుప రేకుకు కట్టి, రెండూ ఒకదానికొకటి తగలకుండా ముంచాలి. రాత్రికి రాత్రి తుప్పు నల్లటి మడ్డిగా మారి బ్రష్షుకే ఊడివస్తుంది. మూడు జాగ్రత్తలు మరవద్దు. ఉప్పు కలపకూడదు. రేకుగా స్టెయిన్‌లెస్ స్టీల్ వాడకూడదు, విషపదార్థం తయారవుతుంది. బయట గాలి ఆడేచోటే చేయాలి, ఎందుకంటే పైకి వచ్చే బుడగలు మండే వాయువు. అల్యూమినియం పుల్లీలను ఈ నీళ్ళలో వేస్తే తినేస్తుంది. స్ప్రింగును కూడా వేయవద్దు, పెళుసుబారి విరగవచ్చు. తీసిన ముక్కను వెంటనే ఆరబెట్టి నూనె రాయకపోతే గంటలో మళ్ళీ ఎర్రబడుతుంది.

పాత రంగును పొడిగా గీకవద్దు. పాతకాలపు రంగుల్లో సీసం ఉండవచ్చు. తడిపి గీకండి, ముక్కుకు మాస్కు కట్టుకోండి, పిల్లలను దగ్గరకు రానివ్వకండి.

బేరింగులు

గరగరమనే శబ్దం చేసే బేరింగును కడిగి మళ్ళీ వేయడం వృథా. బేరింగు అంచున నంబరు ఉంటుంది. దాన్ని చదవడం తెలిస్తే దుకాణంలో ఎవరూ మోసం చేయలేరు. 6204 అంటే లోపలి రంధ్రం 20 మిల్లీమీటర్లు, 6205 అంటే 25. 04 నుంచి పైకి చివరి రెండు అంకెలను 5తో హెచ్చవేస్తే రంధ్రం కొలత వస్తుంది. 6203కు మాత్రం ఆ లెక్క కుదరదు, దానిది 17 మిల్లీమీటర్లు. వెనక 2ఆర్‌ఎస్ అని ఉంటే రెండు వైపులా రబ్బరు సీలు, జెడ్‌జెడ్ అని ఉంటే రేకు మూత. దుమ్ము ఉండే షెడ్డుకు రబ్బరు సీలు మేలు. కొన్ని స్పిండిళ్ళలో ఒత్తిడి తట్టుకునే థ్రస్ట్ బేరింగు కూడా ఉంటుంది. విప్పేటప్పుడు అది ఏ వైపు తిరిగి ఉందో ఫోటో తీసుకోండి.

ఎక్కించేటప్పుడు ఒకటే సూత్రం: దెబ్బ గుండ్ల మీదుగా పోకూడదు. స్పిండిల్ మీదికి ఎక్కించేటప్పుడు లోపలి రింగు మీద, క్విల్ లోపలికి దించేటప్పుడు బయటి రింగు మీద మాత్రమే, సరైన గొట్టం ముక్క పెట్టి తోయాలి. మా మొదటి బేరింగును తొందరలో సుత్తితో ఎక్కడంటే అక్కడ కొట్టాం. కొత్తదే అయినా తిప్పగానే కరకరలాడింది. రెండోది కొనాల్సివచ్చింది.

టేబుల్ నిటారుగా ఉందా

డ్రిల్ ఎంత బాగున్నా టేబుల్ వాలి ఉంటే రంధ్రం వంకరే. సన్నని కడ్డీని మూలమట్టంలా వంచి చక్‌లో బిగించండి. దాని కొస టేబుల్‌ను తాకీ తాకనట్టు ఉండాలి. చేత్తో స్పిండిల్ తిప్పుతూ నాలుగు వైపులా సందు చూడండి. ఒకవైపు కాగితం దూరి, ఇంకోవైపు దూరకపోతే టేబుల్ వాలినట్టు. కుడి ఎడమల తేడాను టేబుల్ కింద బోల్టు వదిలి సరిచేయవచ్చు. ముందు వెనకల తేడా ఉంటే, టేబుల్‌ను ఆర్మ్‌కు బిగించే చోట పలుచని రేకు పెట్టాలి.

టేబుల్ మీద పాత గుంటలుంటాయి. మా దాని మీద పదకొండు ఉన్నాయి. లోహపు పుట్టీతో పూడ్చవచ్చు. మేము పూడ్చలేదు. వాటి అంచుల్లో లేచిన మొనలను మాత్రం ఆకురాయితో నున్నగా చేసి, పైన మందపాటి చెక్క పలక వేసుకుంటున్నాం.

కరెంటు

ఇక్కడ సొంత తెలివి పనికిరాదు. పాత తీగలన్నీ తీసేయించి, లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్ చేత కొత్తవి వేయించండి. మెగ్గర్‌తో మోటారు ఇన్సులేషన్ చూడమని అడగండి. ఒక మెగా ఓమ్ కంటే తక్కువ చూపిస్తే ఆరబెట్టాలి లేదా మళ్ళీ చుట్టించాలి. మెషిన్ ఇనుప ఒంటికి ఎర్త్ తప్పనిసరి.

స్విచ్ గురించి ఒక మాట. పాత మెషిన్లకు మామూలు ఇంటి స్విచ్చే పెట్టి ఉంటుంది. కరెంటు పోయి, మనం బిట్టు మారుస్తుండగా మళ్ళీ వస్తే మెషిన్ తనంతట తానే తిరుగుతుంది. నో వోల్ట్ కాయిల్ ఉన్న స్టార్టర్ పెడితే కరెంటు వచ్చినా, పచ్చ బటన్ మళ్ళీ నొక్కేదాకా తిరగదు. మొత్తం ఖర్చులో ఇదే మంచి ఖర్చు అని మా నమ్మకం. మూడు ఫేజుల మోటారు తిరగేసి తిరిగితే ఏ రెండు తీగలనైనా అటూ ఇటూ మార్పించండి.

బెల్టు, వేగం

బెల్టు మీద ఏ 40 అని ఉంటే ఏ సెక్షన్, లోపలి పొడవు 40 అంగుళాలు అని అర్థం. ఏ సెక్షన్ పైవెడల్పు 13 మిల్లీమీటర్లు, బీ సెక్షన్‌ది 17. బెల్టు పుల్లీ గాడి పక్కలను పట్టుకోవాలి కానీ అడుగుకు తాకకూడదు. తాకితే బెల్టో, పుల్లీయో అరిగిపోయినట్టు.

వేగం లెక్క సులువు. మోటారు నిమిషానికి 1440 చుట్లు తిరిగితే, దాన్ని మోటారు పుల్లీ వ్యాసంతో హెచ్చవేసి, స్పిండిల్ పుల్లీ వ్యాసంతో భాగించండి. మోటారు వైపు 50, స్పిండిల్ వైపు 150 మిల్లీమీటర్లుంటే 480 చుట్లు. ఎంత వేగం కావాలన్నదానికి, మామూలు మెత్తని ఇనుములో హైస్పీడ్ స్టీల్ బిట్టుకు, 8000ని బిట్టు మిల్లీమీటర్లతో భాగించండి. 5కు 1600, 10కి 800, 12కు 670 దాకా. స్టెయిన్‌లెస్‌కు ఇందులో సగం, అల్యూమినియానికి రెట్టింపు. పెద్ద బిట్టును ఎక్కువ వేగంలో తిప్పితే మొన నీలం రంగుకు తిరిగి మొద్దుబారుతుంది. ఈ లెక్కను పట్టికగా రాసి బెల్టు మూత లోపలివైపు అంటించాం. తాత సుద్దతో రాసుకున్న అంకెలు రంగు కింద అక్కడే కనిపించాయి. మా లెక్కకూ వాటికీ పెద్ద తేడా లేదు.

చిన్నాన్న వేలు

ఇక ఆ వేలి సంగతి. ఆ రోజు ఆయన పలుచని ఇనుప పట్టీని ఎడమచేత్తో నొక్కిపట్టి రంధ్రం వేస్తున్నారు. బిట్టు అవతలివైపు పొడుచుకువచ్చే క్షణంలోనే ప్రమాదం ఉంటుంది. అడుగున మిగిలిన పలుచని పొరను బిట్టు అంచు కొరికి పట్టుకుంటుంది. అంతే, పట్టీ కూడా బిట్టుతో పాటు గిర్రున తిరుగుతుంది. చెయ్యి ఎంత బలమైనదైనా ఆగదు.

అందుకే మా షెడ్డులో ఇప్పుడు నియమాలు ఇవి. చేత్తో పట్టి రంధ్రం వేయడం లేదు. వైస్‌ను టేబుల్‌కు బోల్టుతో బిగించాలి. పొడవైన ముక్కయితే దాని పొడవాటి కొసను ఎడమవైపు ఉంచి స్తంభానికి ఆనించాలి. పైనుంచి చూస్తే స్పిండిల్ గడియారం ముల్లులా తిరుగుతుంది కనుక, జారినా ముక్క స్తంభానికే తగులుతుంది, మనకు కాదు. చేతికి గ్లౌజులు, మెడలో తువ్వాలు, వదులు చేతుల చొక్కా, విరబోసిన జుట్టు ఉండకూడదు. కంటికి అద్దాలు ఉండాలి. చక్ కీ పని అవగానే తీయాలి, చక్‌లో ఎప్పుడూ వదలకూడదు. ఇనుప రజనును చేత్తో తుడవకూడదు, బ్రష్షు వాడాలి. బెల్టు మూత లేకుండా బటన్ నొక్కకూడదు.

ఎప్పుడు అమ్మేయాలి

బాగుచేయడమే ధర్మమని మేము అనడం లేదు. తల పగిలి ఉంటే, క్విల్ రంధ్రం బిగించినా ఆగనంతగా అరిగి ఉంటే, స్తంభం వంగి ఉంటే నిశ్చింతగా అమ్మేయండి. పోత ఇనుమును నికెల్ రాడ్డుతో వెల్డింగ్ చేసేవాళ్ళున్నారు కానీ, తల లాంటి చోట కొలత మళ్ళీ కుదరడం కష్టం. వాడేవాళ్ళు ఇంట్లో లేకపోతే, మెషిన్‌గానే ఇంకో షెడ్డుకు ఇవ్వండి. తూకం ధర కంటే ఎక్కువే వస్తుంది, పైగా అది పనిలో ఉంటుంది.

ఏదైనా తేల్చేముందు ఇంట్లో దాని మీద పని చేసినవాళ్ళు ఉంటే పక్కన కూర్చోబెట్టుకోండి. ఏ బోల్టు ఎడమవైపు మరదో, ఏ హ్యాండిల్ ఎప్పుడు మార్చారో, తల మీది మచ్చ ఎలా పడిందో వాళ్ళకే తెలుసు. మాకు చిన్నాన్న చెప్పకపోతే స్ప్రింగు డబ్బీ దగ్గర మేము కూడా ఒక వేలు పోగొట్టుకునేవాళ్ళం.

రంగు చివర వేశాం, అదీ పాత ఆకుపచ్చే. మొదటి రంధ్రం చిన్నాన్నను వేయమన్నాం. ఆయన ముందు వైస్ బోల్టులు రెండూ తానే స్పానరుతో ఇంకోసారి బిగించి చూసుకున్నారు. బిట్టు దిగింది, రజను చుట్టలు చుట్టలుగా పైకి వచ్చింది. హ్యాండిల్ వదిలాక ఆయన రంధ్రంలోకి చూసి, "మీ తాత వేసినంత నేరుగా ఉంది," అన్నారు. షెడ్డులో సగం అద్దెకిచ్చాం. మెషిన్ ఉన్న సగం మాత్రం మా దగ్గరే ఉంచుకున్నాం.